నిప్పుకొండల దీవికి నేను నడిపిన పడవ

ముప్పై ఒకటో ఏట, పెళ్ళిచూపుల కోసం ఊరికి రావలసిన సెలవుల్లో నేను అట్లాంటిక్ సముద్రం మీదికి వెళ్ళాను. ఆ సంగతిని మా ఊళ్ళో తలా ఒక రకంగా చెప్పుకున్నారు. ఎవరితోనో లేచిపోయానన్నారు. మతి చెడిందన్నారు. ఓడలో వంటమనిషిగా కుదిరానని, ఆ సంగతి దాస్తున్నానని అన్నారు. నా కథను నాకే వేరేగా చెప్పిన మనుషులున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎవరినీ ఒప్పించడానికి కాదు.

మాది మణుగూరు దాటాక, పినపాక దారిలో, గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు. నాయన రేవులో పడవ నడిపేవాడు. అవతలి ఒడ్డంతా అడవి. అక్కడి ఊళ్ళవాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకుంటూ చింతపండూ, తేనే, వెదురు తడకలూ తెచ్చుకుని సంతరోజు మా పడవ ఎక్కేవాళ్ళు. నేను బడి లేనప్పుడల్లా పడవలోనే ఉండేదాన్ని. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు గడ వేయడం, గాలి అనుకూలంగా ఉన్నప్పుడు పాత దుప్పట్లు కుట్టి చేసిన తెరచాప ఎత్తడం, సుడి ఎక్కడ తిరుగుతుందో రంగు చూసి చెప్పడం, ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూస్తూ నేర్చుకున్నాను.

పదమూడో ఏట, శ్రావణంలో, నాయనకు చలిజ్వరం పట్టుకుంది. రేవు ఆగిపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అన్నకు నీళ్ళంటే భయం. నేను పోయి పడవ విప్పాను. అమ్మ అరుస్తూ గట్టుదాకా వచ్చింది గానీ, అప్పటికే ఎనిమిది మంది ఎక్కి కూర్చున్నారు. కోస్తా నుంచి వచ్చి మా దగ్గర భూములు కొన్న ఒక పెద్దరైతు మాత్రం ఎక్కలేదు.

"ఆడపిల్ల నడిపే పడవ నేనెక్కను. మీ నాన్నని రమ్మను" అన్నాడు.

"నాయనకు జరం. మీరు ఎక్కకుంటే ఉండుండ్రి. మల్ల పొద్దూకినంక వస్తా" అని నేను గడ వేశాను.

ఆయన రోజంతా గట్టుమీద వేపచెట్టు కింద కూర్చున్నాడు. సాయంత్రం చివరి విడతకు, ఏమీ మాట్లాడకుండా, పంచె పైకి పట్టుకుని ఎక్కాడు. ఆయన్ని దించేటప్పుడు నేనూ ఏమీ అనలేదు. అనకపోవడంలో ఎంత సుఖం ఉందో ఆరోజు తెలిసింది.

తొమ్మిది రోజులు అలా నడిపాను. నాయన లేచాక నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన పడవను చుట్టూ చూసి, తాడు సరిచేసుకుని ఊరుకున్నాడు. మరుసటి ఏడు నేను పెద్దమనిషినయ్యాక అమ్మ కచ్చితంగా చెప్పేసింది. "ఇగ రేవు కాడికి పోతే కాళ్ళు ఇరగ్గొడత." నాయన అప్పుడూ నోరు తెరవలేదు. ఆయన మౌనం మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది.

ఆ తర్వాత మిషన్ బడి, హాస్టలు, నర్సు ట్రైనింగు. బొగ్గుగనుల కాలనీలు లేస్తున్న కాలం అది. అన్నకు గనిలో పని దొరికింది. నాకు ఒక దవాఖానాలో కొన్నాళ్ళు డ్యూటీ దొరికింది. పక్క ఊళ్ళో బొగ్గు కోసం బోరు వేస్తే కిందినుంచి వేడినీళ్ళు వాటంతటవే పొంగుకొచ్చాయి. ఆడవాళ్ళు అక్కడికి బట్టలు మోసుకెళ్ళి ఉతుక్కునేవాళ్ళు. మా కాళ్ళ కింద భూమి వేడిగా ఉందన్న సంగతి మాకు అంత మామూలు.

ఎనభైల నడుమ నేను మస్కట్‌లో ఒక ఆసుపత్రికి నర్సుగా వెళ్ళాను. అక్కడ ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ ఉండేది. యాభై ఏడేళ్ళు, భర్త చనిపోయాడు, పిల్లలు లేరు. సెలవురోజున ఒక చిన్న తెరచాప పడవ వేసుకుని సముద్రంలో తిరిగేది. ఒకసారి నలుగురు నర్సులం ఆవిడతో సరదాగా వెళ్ళాం. మిగతావాళ్ళు తలలు పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ తాడు సరిచేయడానికి ముందుకు వెళుతూ, "కాసేపు పట్టుకో" అని చుక్కాని కర్ర నా చేతికిచ్చింది. తిరిగి వచ్చి కర్ర అడగలేదు. అరగంట నన్ను చూస్తూ కూర్చుని, "ఎక్కడ నేర్చుకున్నావు?" అంది.

"మా నది మీద" అన్నాను.

మూడేళ్ళు దాదాపు ప్రతి సెలవురోజూ ఆవిడతో వెళ్ళాను. పటం చదవడం, దిక్సూచి చూసి దారి గీసుకోవడం, గాలి పెరిగితే తెరచాప కొంత మడిచి చిన్నది చేయడం నేర్పింది. ఆవిడ భర్త వదిలిపోయిన ముప్పై రెండు అడుగుల యాట్, లోపల గది ఉన్న తెరచాప పడవ, ఒకటి పోర్చుగల్‌లో ఒక రేవులో కట్టి ఉందట. పదవీ విరమణకు ముందు దాన్ని అట్లాంటిక్‌లోని మదీరా దీవి మీదుగా కానరీ దీవులకు తీసుకుపోవాలని, అక్కడి నిప్పుకొండలు చూడాలని ఆయనతో కలిసి అనుకున్న ప్రయాణం అది. ఒక్కదాన్నే వెళ్ళే వయసు దాటింది అంది. "నువ్వు వస్తావా?"

సరిగ్గా ఆ వారమే అన్న ఉత్తరం వచ్చింది. ఎర్రుపాలెంలో ఒక టీచరు సంబంధం ఉంది, రెండో పెళ్ళి అయినా మంచివాడు, నీ వయసుకు ఇంతకంటే రాదు, సెలవు పెట్టి రమ్మని. నేను వారం ఆగాను. ఆ వారంలో నాకు కలిగినది భయం కాదు, కోపం. ముప్పై ఏళ్ళు దాటిన మనిషిని, నా జీతంతో ఇంటి కప్పు మార్పించినదాన్ని, నా సెలవు నాది అని చెప్పడానికి ఎందుకు ఇంత ఆలోచించాలి? "ఈ సెలవుల్ల నేను రాను. సముద్రం మీద దీవులకు పోతున్న. సంబంధం వద్దని చెప్పు" అని రాసి పడేశాను. అన్న జవాబు రెండు వాక్యాలే. "పోతే పో. మల్ల మా గడప తొక్కకు."

వీసాల కోసం తిరగడం డాక్టరమ్మ చూసుకుంది. జూన్‌లో మేమిద్దరం పోర్చుగల్ దక్షిణపు ఒడ్డునుంచి బయల్దేరాం.

మొదటి రోజే ఒడ్డు కనబడకుండా పోయింది. గోదావరి ఎంత పొంగినా అవతల ఒడ్డు ఉంటుంది. ఇక్కడ ఎటు చూసినా ఒకటే గీత. మూడు పూటలు వాంతులు చేసుకున్నాను. నాలుగో పూట ఆకలేసింది. డాక్టరమ్మ ఉడకబెట్టిన బంగాళాదుంపలో నేను మస్కట్ నుంచి తెచ్చుకున్న కారంపొడి కలుపుకుని తిన్నాను. ఆ తర్వాత సముద్రం నన్ను ఏమీ చేయలేదు. ఐదో రోజు మదీరా చేరాం. పచ్చటి కొండ, ఎర్రటి పెంకుల ఇళ్ళు. వారం అక్కడ ఆగి, కానరీ దీవుల్లో ఒకటైన లాంజరోటెకు బయల్దేరాం. రెండున్నర రోజుల దారి.

బయల్దేరిన రోజే, మధ్యాహ్నం అది జరిగింది. గాలి వెనకనుంచి బలంగా ఉంది. చుక్కాని నా చేతిలో ఉంది. డాక్టరమ్మ లోపలి గదినుంచి రెండు కప్పులతో టీ పట్టుకుని మెట్లెక్కుతోంది. పక్కనుంచి, మిగతా అలల వరుసలో లేని అల ఒకటి వచ్చి పడవను ఎత్తి కొట్టింది. ఆవిడ గాల్లోకి లేచి ఎదురుగా ఉన్న, తాళ్ళు బిగించే ఇనుపచక్రం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. నర్సుని, పొరపడను.

కుడి కాలర్‌బోన్. పడవను గాలిరెక్కకు అప్పగించాను. గాలి దిక్కును బట్టి చుక్కానిని తనే సరిచేసుకునే పరికరం అది. ఆవిడను లోపలికి దించి, భుజం కదలకుండా తలగడ గలీబు చింపి కట్టు కట్టాను. నొప్పి మాత్రలు ఇచ్చాను. ఆవిడ ముఖం పాలిపోయింది, కానీ బుర్ర పనిచేస్తోంది.

"తప్పు నాదే" అన్నాను. "చుక్కాని నేనే పట్టుకుని ఉన్నాను."

"నేను పట్టుకున్నా ఆ అల వచ్చేది. నేను రెండు కప్పులు పట్టుకుని మెట్లెక్కాను. ఒక చెయ్యి ఎప్పుడూ పడవకు ఉండాలని నీకు చెప్పింది నేనే." కళ్ళు మూసుకుంది. "వెనక్కి పోవాలంటే గాలికి ఎదురు. ముందుకు పోవాలంటే గాలి వెనక. నువ్వు చెప్పు."

"ముందుకే" అన్నాను.

ఆ తర్వాత రెండు రోజులు పడవ నాది. తెరచాప సగానికి మడిచాను. అది మామూలుగా ఇద్దరు చేసే పని. ఒక చేత్తో తాడు లాగుతూ, రెండో చేత్తో గుడ్డ అదుముతూ, మోకాళ్ళతో పడవను పట్టుకుని చేశాను. అరచేతులు చీరుకుపోయాయి. గంటకోసారి దిక్సూచి చూసి, ఎంత వేగంతో వచ్చామో లెక్కకట్టి, పటం మీద చుక్క పెట్టి ఆవిడకు చూపించేదాన్ని. అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకుని లేచేదాన్ని. ఒకసారి పెద్ద సరుకు ఓడ ఒకటి మా పక్కగా పోయింది. దాని అల పక్కనుంచి తగలకుండా పడవను తిప్పినప్పుడు నా గొంతులోంచి ఒక తిట్టు వచ్చింది. మా రేవులో తాగి వచ్చి పడవ ఊపే మగవాళ్ళను నాయన తిట్టే తిట్టు అది. ఏళ్ళ తరబడి ఆయన మౌనాన్నే గుర్తుపెట్టుకున్నాను గానీ, ఆయన నోటినుంచి నేను నేర్చుకున్నది కూడా ఉందని అప్పుడే తట్టింది.

మూడో రోజు పొద్దున పొగమంచులాంటి దుమ్ములో నేల కనబడింది. పచ్చదనం లేదు. గోధుమరంగు కుప్పలు, కొన్నింటికి తలలు లేవు. బొగ్గుగని పక్కన పోసిన మట్టికుప్పల్లాగే ఉన్నాయి. నేను ఏడ్చానని కొందరు ఊహించుకుంటారు. ఏడవలేదు. "పటం మీద నా చుక్క ఎంత తప్పింది?" అని డాక్టరమ్మను అడిగాను. నాలుగు మైళ్ళు తప్పింది. ఇంకొంచెం తక్కువ తప్పాల్సింది.

సాయంత్రానికి రేవులో కట్టాం. ఒక అధికారి కాగితాలు పట్టుకుని వచ్చాడు. కట్టుతో పడుకున్న డాక్టరమ్మను, నన్ను, మళ్ళీ డాక్టరమ్మను చూశాడు. ఇంకెవరైనా మగమనిషి పైకి వస్తాడేమోనని గది వైపు వంగి చూశాడు.

"పడవ నడిపింది ఎవరు?"

"ఈమె" అంది డాక్టరమ్మ.

అతను నవ్వాడు. "ఈమె ఎవరు, పనిమనిషా?" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

నాకు నిద్ర లేదు, చేతులు మండుతున్నాయి, ఉప్పుతో జుట్టు తాడులా కట్టుకుపోయింది. "మదీరా నుంచి ఇక్కడిదాకా చుక్కాని పట్టింది నేను. ఆమె భుజం కట్టింది నేను. నేను నర్సుని. మీకు చుక్కాని పట్టిన వాళ్ళ పేరు కావాలంటే ఆ ఫారం ఇటివ్వండి" అన్నాను. ఇచ్చాడు. నా ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి, సంతకం పెట్టి, ఊరు అన్నచోట మా రేవు పేరు తెలుగులో రాశాను. అతనికి అది చదవడం రాలేదు. అది అతని ఇబ్బంది.

ఎముక కుదుటపడేదాకా మూడు వారాలు ఆ దీవిలోనే ఉన్నాం. డాక్టరమ్మ చేతిని జోలెలో వేసుకుని, నేను నడిపే కిరాయి కారులో కూర్చునేది. దీవిలో సగం నల్లగా గడ్డకట్టిన లావా. దున్ని వదిలేసిన నల్లరేగడి చేను ఒక్కసారిగా రాయైపోయినట్టుంది. రెండున్నర శతాబ్దాల కింద ఇక్కడ నిప్పుకొండలు ఆరేళ్ళపాటు మండి ఊళ్ళను కప్పేశాయని చెప్పారు. ఒక కొండమీద కాపలామనిషి జానెడు లోతు తవ్వి గులకరాళ్ళు నా చేతిలో పోస్తే పట్టుకోలేక వదిలేశాను. నేలలోకి దించిన గొట్టంలో బకెట్ నీళ్ళు పోస్తే క్షణంలో ఆవిరి ఎగజిమ్మింది. చుట్టూ ఉన్నవాళ్ళు కేకలు పెట్టారు. నేను పెట్టలేదు. మా పక్క ఊళ్ళో వేడినీళ్ళతో బట్టలుతుక్కుంటారని చెబితే ఆ కాపలామనిషి నా వైపు కొత్తగా చూశాడు.

నన్ను ఆపి నిలబెట్టినవి మాత్రం ద్రాక్షతోటలు. బూడిదలో మనిషి లోతు గుంటలు తీసి, అడుగున పాత మట్టి తగిలేదాకా తవ్వి, ఒక్కో గుంటలో ఒక్కో తీగ నాటారు. గాలి కొట్టకుండా ప్రతి గుంటకూ అర్ధచంద్రంలా నల్లరాళ్ళ గోడ. వాన దాదాపు లేదు. రాత్రి మంచును బూడిద పీల్చుకుని తీగకు ఇస్తుందట. ఒక ముసలామె ఒంటరిగా గుంట సరిచేస్తుంటే ఆగాం. డాక్టరమ్మ స్పానిష్‌లో మాట్లాడి నాకు చెప్పింది. బూడిద పడ్డాక చాలామంది పోయారు, ఈమె పూర్వీకులు మాత్రం ఉండిపోయారు. పైనున్నది పనికిరాదని అందరూ అంటే కింద ఏముందో తవ్వి చూశారు.

నేను ఆమె చేతిలోని పార అడిగి తీసుకున్నాను. పుండ్లు పడిన చేతులతోనే గంటసేపు తవ్వాను. ఆమె వద్దనలేదు, నా పని తీరు చూసి రెండుసార్లు సరిదిద్దింది. పోయేటప్పుడు ఎండు అంజూర పళ్ళు పెట్టింది.

యాట్‌ను ఆ రేవులోనే ఒకరికి అప్పగించి మస్కట్ వచ్చేశాం. నాకు ఇంకా పది రోజుల సెలవు మిగిలింది. ఊరికి వచ్చాను. గడప తొక్కవద్దన్నాడు కాబట్టే వచ్చాను.

అన్న కాలనీ క్వార్టర్లోనే ఉండిపోయాడు. అమ్మ తలుపు తీసి, నా చేతులు తిప్పి చూసి, లోపలికి పోయి పసుపు నూనె తెచ్చింది. ఎర్రుపాలెం సంబంధంవాళ్ళు అప్పటికే వేరే చూసుకున్నారు. ఆదివారం మా చర్చిలో ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన లేచి, నన్ను ముందుకొచ్చి పశ్చాత్తాప సాక్ష్యం చెప్పమన్నాడు. ముందే మాట్లాడుకున్నారని ముఖాలు చూస్తే తెలిసింది. నాయన మగవాళ్ళ చాపమీద తలవంచుకుని కూర్చున్నాడు.

నేను ముందుకు వెళ్ళాను. గాలి గురించి, పటం మీది చుక్కల గురించి, విరిగిన ఎముక గురించి చెప్పాను. తలలు లేని కొండల గురించి, బూడిదలో తీగ నాటిన ముసలామె గురించి చెబుతుండగా పెద్దాయన చెయ్యెత్తాడు.

"అమ్మా, గవన్నీ ఎందుకు. తప్పైందని ఒక్క మాట చెప్పు. ప్రార్థన చేస్తం, ఐపోతది."

"తప్పు కాలే పెద్దయ్యా."

"పెండ్లి కాని పిల్లవు. నెలల తరబడి ఏడ తిరిగినవో ఎవరికి ఎరుక?"

"నాకెరుక. అదే చెప్తున్న. ఇనకపోతే మీ ఇష్టం."

నేను నాయన వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు. మాట్లాడింది అమ్మ. ఆడవాళ్ళ చాపమీద లేచి నిలబడి, కొంగు నడుముకు దోపుకుని అంది.

"దాని మాట ఐపోలే. సాక్ష్యం చెప్పమన్నది మీరే గద. చెప్పనియ్యుండ్రి."

ఒకప్పుడు నన్ను రేవుకు పోనివ్వని మనిషి ఆమె. మిగిలింది మొత్తం చెప్పాను. పెద్దాయన బయటికి వెళ్ళిపోయాడు. పాస్టరు అయ్యగారు ఏం చేయాలో తెలియక ఆశీర్వాదం చెప్పి ముగించారు.

బయట ఆడవాళ్ళు చుట్టూ మూగారు. వాళ్ళకు కావలసినవి వేరు. "తాగే నీళ్ళు ఏడికెళ్ళి?" "దొడ్డికి ఎట్ల పోయిండ్రు?" "ఆ ముసలమ్మకు పిల్లలు లేరా?" ఒకామె నా చెవిలో, "భయం కాలేదా నిజంగ?" అంది. "అయింది. అయినా నడపాలె గద" అన్నాను. ఇంటికి పోయే దారిలో అమ్మను, ఎందుకు లేచావని అడిగాను. "ఆయన నిన్ను అడ్డం కొట్టిండు. నాకు ఆ ముసలామె సంగతి పూర్తిగ ఇనాలె అనిపిచ్చింది" అంది.

అన్న రెండేళ్ళు మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. తర్వాత నేను సెలవుకు ఊళ్ళో ఉండగా ఆయనే వచ్చాడు, వదినకు పురుడు వచ్చినప్పుడు, నర్సు అవసరమై. వెళ్ళాను. బిడ్డను తీసి ఆయన చేతిలో పెట్టాను. నేను తర్వాత పెళ్ళి చేసుకున్నానా లేదా అని ఇది చదివేవాళ్ళు అడుగుతారని తెలుసు. అది ఈ ప్రయాణానికి సంబంధించిన ప్రశ్న కాదు.

తొంభైల మొదట్లో డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. ఈసారి అదే సముద్రంలో ఇంకా ఉత్తరాన ఉన్న అజోర్స్ దీవులు. గాలికి ఎదురు దారి, చలి ఎక్కువ, వాన ఎక్కువ. ఆవిడ భుజం పూర్తిగా పైకి లేవదు కాబట్టి మొదటి రోజునుంచే పడవ నాదన్నమాట. తొమ్మిది దీవుల్లో నాలుగింటి మీద అడుగుపెట్టాం. ఒకదానిలో నిప్పుకొండ నోరు చల్లబడి చెరువైపోయింది. దాని అంచున రోజంతా వానలో నడిచాం. మోకాలు బెణికింది, కెమెరా తడిసి పాడైంది. ఒక్క ఫోటో లేదు. అక్కడినుంచి ఇంటికి ఉత్తరం రాశాను. ఎప్పుడు బయల్దేరానో, ఎప్పుడు చేరానో, తిరిగి డ్యూటీలో ఎప్పుడు చేరతానో రాశాను. క్షమించమని ఎక్కడా రాయలేదు.